నాలుగు మజిలీల సినిమా తిరునాళ్ళ



మాది తల్లాడ. ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చే రోడ్డు మా ఊళ్లో చీలుతుంది. ముందుకు పోతే కల్లూరు, సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి గోదావరి జిల్లాల్లోకి దిగుతాం. ఎడమకు మళ్లితే ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, ఆ పైన భద్రాచలం. అడవి అంచున ఉన్న ఊరు కాబట్టి ఎటో ఒకవైపు పోయేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగుతారు. నీళ్లు తాగి, నడుం వాల్చి, తాము చూసొచ్చిన సంగతులు నాలుగు చెప్పి పోతారు. కాలినడకన తిరిగిన రోజుల్లో ఇలాంటి చోటును మజిలీ అనేవాళ్లు. ఈ పూట నేను చెప్పబోయే సంగతికీ ఆ మాటకూ చుట్టరికం ఉంది.

1952 జనవరి 24న బొంబాయిలో ఒక సినిమా పండుగ మొదలైంది. భారత ప్రభుత్వం జరిపిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం అది. ఆసియాలో అలాంటిది అంతకుముందు జరగలేదు. ప్రధాని నెహ్రూ అండ ఉంది. ఏర్పాట్లన్నీ ఫిల్మ్స్ డివిజన్ చూసుకుంది. ఇరవైకి పైగా దేశాలు తమ సినిమాలు పంపాయి. పెద్ద సినిమాలు 40, చిన్నవి ఓ వంద. ఫిబ్రవరి 1 దాకా బొంబాయిలో ఆడి, ఆ డబ్బాలన్నీ మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరాలు తిరిగాయి. ఢిల్లీలో ఫిబ్రవరి 21న నెహ్రూయే స్వయంగా ప్రారంభించారు. పోటీ లేదు, బహుమతులు లేవు. చూడటం, చూపించటం, అంతే. నాలుగు ఊళ్లు తిరిగిన ఈ పండుగను నేను నా మటుకు నాలుగు మజిలీల సినిమా తిరునాళ్ళ అని పిలుచుకుంటాను.

ఈ తిరునాళ్ళకు మన దేశం తరఫున నిలబెట్టిన పెద్ద సినిమాలు నాలుగు. హిందీ నుంచి రాజ్ కపూర్ ఆవారా, మరాఠీ నుంచి శాంతారాం అమర్ భూపాలి, బెంగాలీ నుంచి బబ్లా. నాలుగోది మనది, పాతాళభైరవి. దక్షిణాది మొత్తం నుంచి ఎంపికైంది అదొక్కటే.

అసలు సినిమాలకు ఇలాంటి తిరునాళ్ళు ఎలా మొదలయ్యాయో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మొదటిది వెనిస్ నగరంలో 1932లో మొదలైంది. కొన్నేళ్లకే అందులో ముస్సోలినీ, హిట్లర్ మనుషుల పెత్తనం పెరిగింది. అది గిట్టక ఫ్రాన్సు వాళ్లు కాన్ అనే సముద్రతీరపు ఊళ్లో తమ పండుగ తాము పెట్టుకోబోయారు. 1939 సెప్టెంబరు 1న మొదలుపెట్టాలని ముహూర్తం. సరిగ్గా ఆ రోజునే జర్మనీ సైన్యం పోలండు మీద పడింది. యుద్ధమంతా ముగిశాక, 1946 సెప్టెంబరులో గాని కాన్‌లో తెర లేవలేదు. ఆ మొదటి ఏడాదే మన చేతన్ ఆనంద్ తీసిన నీచా నగర్ అక్కడికి పోయింది. పెద్ద బహుమతిని 11 చిత్రాలకు సమానంగా ఇస్తే అందులో అదీ ఒకటైంది. ఎగువ బస్తీ ధనవంతుడు తన మురుగును దిగువ బస్తీ పేదల మీదికి మళ్లించిన కథ. అదే ఏడు స్విట్జర్లాండులోని లొకార్నోలోనూ, చెకోస్లొవేకియాలోని కార్లోవీ వారీలోనూ పండుగలు లేచాయి. యుద్ధపు గాయాలు ఇంకా మానకముందే తెరలు కట్టారు. నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా మనసు కదులుతుంది. అన్నానికి కార్డులు పట్టుకుని వరసలో నిలబడ్డ జనం సాయంత్రం పరాయి దేశపు బొమ్మ చూడటానికి మళ్లీ వరస కట్టారు.

ఇక మన సంగతి. 1952 జనవరి నాటికి దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు నడుస్తున్నాయి. తల్లాడ అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలో, వరంగల్ జిల్లాలో ఉండేది. ఖమ్మం జిల్లా పుట్టింది 1953లో. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరిలోనే ఉండేది, అంటే 1952లో రాముడి గుడికి పోవాలంటే మేం రాష్ట్రం దాటాలి. తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. అంటే మా వైపు అడవుల్లో తుపాకులు సద్దుమణిగి మూడు నెలలే. సినిమా పండుగ ఆగిన నాలుగు నగరాల్లో హైదరాబాదు లేదు. తెలుగువాళ్లకు దగ్గరి మజిలీ మద్రాసే. తెలుగు సినిమా కాపురమూ ఆ రోజుల్లో మద్రాసులోనే.

ఇంతకూ పాతాళభైరవి మా ఊరికి ఎప్పుడొచ్చింది? ఆ సినిమా విడుదలైంది 1951 మార్చి 15న. మా వైపు బొమ్మ ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. పట్నాల్లో ఆడీ ఆడీ, గీతలు పడి, అక్కడక్కడా తెగి అతికిన ప్రింటు ఏడాదికో రెండేళ్లకో డేరా టాకీసు బండెక్కి దిగేది. మా పెదనాన్న దాన్ని అలాగే చూశాడు. అప్పటికి ఆయనకు పన్నెండేళ్లు ఉంటాయేమో. ఎన్నిసార్లు అడిగినా ఆ రాత్రిని పూసగుచ్చినట్టు చెప్పేవాడు.

కోతలైన చేలో డేరా వేశారట. నేల టిక్కెట్టు వాళ్లకు ఇసక, బెంచీ వాళ్లకు బెంచీ, ఊరి పెద్దలకు ఇంటి నుంచి తెచ్చుకున్న కుర్చీ. కల్దారు రూకలూ చెల్లేవి, నిజాము హాలీ సిక్కాలూ చెల్లేవి, టిక్కెట్టిచ్చేవాడికి మారకపు లెక్కలతోనే తల వాచేది. ప్రొజెక్టరు ఒక్కటే. ఒక రీలు అయిపోతే బొమ్మ ఆగుతుంది, ఇంకో రీలు ఎక్కించే దాకా చుట్ట ముట్టించుకోవచ్చు, పిల్లల్ని బయటికి తీసుకుపోవచ్చు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. పాతాళభైరవి నిడివి మూడుంబావు గంట. అంటే దగ్గర దగ్గర పద్దెనిమిది సార్లు చీకటి, పద్దెనిమిది సార్లు వెలుగు. కథానాయకుడు తోట రాముణ్ణి మాంత్రికుడు బలివ్వడానికి తీసుకుపోతున్న చోట రీలు అయిపోయిందట. డేరాలో ఒక్కరూ లేవలేదు.

"నువ్వు భయపడ్డావా పెదనాన్నా?" అని అడిగాను ఒకసారి.

"భయం గాదురా. మళ్ల దీపం ఆర్పేదాకా వాడు బతికుంటడో లేదోనని" అన్నాడు.

ఫిల్ము తెగినప్పుడు ఆపరేటరు చిరిగిన అంచులు కత్తెరతో తీసేసి, రెండు కొసలూ గమ్ముతో అతికేవాడు. ఆ కత్తిరించిన ముక్కలు కింద పడేవి. వాటి కోసం పిల్లలు కాచుకుని ఉండేవాళ్లు. పెదనాన్నకు దొరికిన ముక్కలో మూడు బొమ్మలున్నాయట, మూడింటిలోనూ మాంత్రికుడి వేషం కట్టిన ఎస్వీ రంగారావు గడ్డమే. మాడిపోయిన బల్బు ఒకటి సంపాదించి, దాని అడుగు జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి తీగలు లాగేసి నీళ్లు నింపాలి. తలుపు మూసిన చీకటింట్లోకి బయటి నుంచి ఒకడు అద్దంతో ఎండ కొట్టాలి. ఎండకూ బల్బుకూ మధ్య ఫిల్ము ముక్కను తలకిందులుగా పట్టుకుంటే సున్నం గోడ మీద బొమ్మ నిటారుగా పడుతుంది. అద్దం పట్టినవాడి చెయ్యి వణికితే మాంత్రికుడూ వణికేవాడు. ఒకసారి కూర్చుని లెక్క వేశాను. సెకనుకు 24 బొమ్మలు, 195 నిమిషాలు. మొత్తం 2 లక్షల 80 వేల పైచిలుకు బొమ్మలు. అందులో మూడు తల్లాడలో మా పెదనాన్న చొక్కా జేబులో ఉండేవి.

పాతాళభైరవి కథ మీకు చెప్పక్కర్లేదు. అయినా నేపథ్యం కొంచెం చెప్పుకోవాలి. విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదట తీసింది 1950లో షావుకారు. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. ఒక పల్లె, రెండు ఇరుగుపొరుగు ఇళ్లు, అప్పు, పంతం. మంత్రాల్లేవు, రాజుల్లేరు. మంచి సినిమా అని చూసినవాళ్లందరూ అన్నారు గాని డబ్బులు రాలేదు. ఆ తర్వాత కె.వి. రెడ్డి గారిని పిలిచి తీసిన జానపదం పాతాళభైరవి. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. సంగీతం ఘంటసాల. కెమెరా మార్కస్ బార్‌ట్లే. కళ గోఖలే, కళాధర్. తోట రాముడిగా ఎన్.టి. రామారావు, నేపాళ మాంత్రికుడిగా మాకు అట్టే దూరం కాని నూజివీడులో పుట్టిన రంగారావు. కథలో కొంత అల్లాఉద్దీను దీపం నుంచి వచ్చింది, కొంత మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల నుంచి.

మజిలీ మళ్లీ వచ్చింది చూడండి. కాశీకి నడిచిపోయే గురువూ శిష్యుడూ మజిలీకో కథ చెప్పుకుంటూ పోవడమే ఆ పుస్తకం కట్టుబడి. ఒళ్లు అలసిన చోట కథ పుడుతుంది. ఆ కథల్లోంచి వచ్చిన సినిమా, బొంబాయి మజిలీలో ప్రపంచం ముందు ఆడింది.

హైదరాబాదులో ఫిల్మ్ సొసైటీ మిత్రుడొకాయన చాలా ఏళ్ల కిందట నాతో వాదానికి దిగాడు. ఆ ఉత్సవానికి ఇటలీ నుంచి బైసికిల్ థీవ్స్ వచ్చింది, రోమ్ ఓపెన్ సిటీ వచ్చింది. యుద్ధం మిగిల్చిన వీధులూ ఆకలీ అందులో ఉన్నాయి. మనం ఏం పంపాం? గడ్డం మాంత్రికుణ్ణి, కోరికలు తీర్చే బొమ్మను. పంపితే షావుకారు పంపాల్సింది అని ఆయన మాట. ఆయన షావుకారు మీద ప్రేమకొద్దీ అన్నాడు. ఆ ప్రేమ నాకూ ఉంది. కానీ ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఇప్పటికీ పడదు.

ఎందుకో చెబుతాను. అదే ఉత్సవానికి ఇటలీ మరో సినిమా కూడా పంపింది. పేరు మిరకిల్ ఇన్ మిలాన్. తీసింది ఎవరో కాదు, బైసికిల్ థీవ్స్ తీసిన విట్టోరియో డిసికానే. రాసినవాడూ ఆయన జతగాడు జవట్టీనీయే. క్యాబేజీ మడిలో ఒక ముసలమ్మకు పసిపిల్లాడు దొరుకుతాడు. వాడి పేరు టోటో. పెద్దయ్యాక ఊరి బయట గుడిసెల్లో పేదలతో కలిసి బతుకుతాడు. ఆ నేలలో నూనె ఉందని తెలిసి ధనవంతుడు గుడిసెలు పీకించబోతాడు. అప్పుడు చచ్చిపోయిన ముసలమ్మ ఆకాశంలోంచి దిగి టోటో చేతిలో ఒక పావురాన్ని పెడుతుంది. ఆ పావురం ఏది అడిగితే అది ఇస్తుంది. చివరికి ఆ పేదలందరూ వీధులూడ్చే చీపుర్లెక్కి మిలాన్ గుడి శిఖరాల మీదుగా ఎగిరిపోతారు.

మడిలో దొరికిన టోటో, తోటలో పెరిగిన తోట రాముడు. పావురం ఒకరి చేతిలో, పాతాళభైరవి బొమ్మ ఒకరి చేతిలో. ఒకరి కథ ఒకరు వినలేదు. రెండు సినిమాలూ ఒకే ఏడు, 1951లో, రెండు ఖండాల్లో వెలువడ్డాయి. 1952 జనవరిలో ఒకే పండుగలో ఆడాయి. డిసికా మిలాన్ సినిమాకు 1951 కాన్‌లో పెద్ద బహుమతి కూడా వచ్చింది, ఇంకో చిత్రంతో సగం పంచుకుని. సైకిల్ పోయినవాడి దుఃఖం తీసిన మనిషే చీపురెక్కి ఎగరడం తీశాడంటే, ఆ రెండూ ఒకే పేదవాడి మనసులో ఉంటాయని ఆయనకు తెలుసు. పగలంతా చేలో వంగిన మనిషి రాత్రి డేరాలో రాత్రికి రాత్రి లేచిన మేడను చూసి ఎందుకు మురిసిపోతాడో మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. తోటమాలి కొడుకు రాజకుమార్తెను కోరినందుకు రాజు అన్నదేమిటి? ముందు నాతో సమానంగా ఆస్తి తెచ్చుకో అన్నాడు. 1951లో, భూముల కోసం మనుషులు చచ్చిన నేల మీద, ఆ మాట వినడానికి మంత్రం కథలా ఉంటుందా? మా పెదనాన్నకు ఉండలేదు.

ఆ మిత్రుడి మాటలో ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆ పండుగ తర్వాత మన దేశంలో సినిమా తీసేవాళ్ల చూపు మారింది. బొంబాయిలో బైసికిల్ థీవ్స్ చూసిన బిమల్ రాయ్ 1953లో దో బీఘా జమీన్ తీశారు. రెండు బీఘాల నేల నిలబెట్టుకోవడానికి కలకత్తా పోయి రిక్షా లాగిన రైతు కథ అది. 1954లో కాన్‌లో దానికి బహుమతి వచ్చింది. మన కె.వి. రెడ్డి గారు కూడా 1954లో జానపదం పక్కన పెట్టి, ఊరి పెద్దల గుట్టు విప్పిన పెద్దమనుషులు తీశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం దానిదే. అంతా బాగానే ఉంది. కానీ మా వైపు మట్టి, మా వైపు మాట, అడవిలోకి పోయి తిరిగిరాని మా వాళ్ల బతుకు తెర మీదికి రావడానికి చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది. చివరికి బి. నర్సింగరావు గారు నిర్మించగా గౌతం ఘోష్ తీసిన మాభూమి వచ్చింది. పోరాట విరమణకూ ఆ సినిమాకూ మధ్య దాదాపు మూడు దశాబ్దాలు. కళ్లారా చూసినవాళ్లలో ఎందరో అప్పటికే వెళ్లిపోయారు. ఆ ఆలస్యం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

బొంబాయిలో ఆ తొమ్మిది రోజులూ ఇంకేం జరిగిందంటే, అమెరికా తరఫున ఫ్రాంక్ కాప్రా వంటి పెద్ద దర్శకుడు దిగాడు. రష్యా వాళ్లు ఫాల్ ఆఫ్ బెర్లిన్ తెచ్చారు. జపాను సినిమా వచ్చింది. ఒకరి మీద ఒకరు కత్తులు నూరుతున్న దేశాలు ఒకే చూరు కింద తమ తమ బొమ్మలు వేసుకున్నాయి. వాటి రాజకీయాలు వాటివి. కుర్చీలో కూర్చున్న మన ప్రేక్షకుడికి మాత్రం హాలీవుడ్ తప్ప బయటి సినిమా ఉంటుందని అంత విస్తారంగా తెలిసింది అప్పుడే.

ఇక ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను.

ఐదారేళ్ల కిందట సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, పెదనాన్న కాలు నొప్పితో మంచం మీదే ఉన్నాడు. పొద్దుపోవడం లేదన్నాడు. నా దగ్గర బైసికిల్ థీవ్స్ ఉంది. "నువ్వు చూసిన పాతాళభైరవితో పాటు బొంబాయిలో ఆడిన బొమ్మ, చూస్తావా" అన్నాను. పెట్టమన్నాడు. భాష ఇటాలియన్, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఆయనకు రెండూ రావు. నేను పక్కన కూర్చుని ముక్కముక్కగా చెబుతూ వచ్చాను.

మొదట్లోనే ఒక చోటుంది. పని దొరికింది గాని పనికి సైకిల్ ఉండాలి. సైకిల్ తాకట్టులో ఉంది. భార్య ఒక్క క్షణం ఆలోచిస్తుంది, పక్క మీది దుప్పట్లు సర్రున లాగేస్తుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న దుప్పట్లు. ఉతికి మూటగట్టి తాకట్టు కొట్టుకు తీసుకుపోతారు. కొట్టువాడు ఆ మూట తీసుకుని లోపలికి పోతాడు. అక్కడ నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా మూటలే. ఆ మనిషి నిచ్చెన ఎక్కినట్టు అరల మీద కాలు పెట్టి ఎక్కుతూ, ఎక్కుతూ, పైన ఎక్కడో ఈ మూటను తోస్తాడు. అన్నీ ఏవో ఇళ్లలో పక్కల మీద ఉండాల్సిన దుప్పట్లు.

అక్కడ నేను చెప్పడం ఆపేశాను. పెదనాన్న చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. బొమ్మ ఆపాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా పెద్దమ్మ కడియాలు కల్లూరులో తాకట్టుకు పోయి మళ్లీ రాని సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

"పెట్టు" అన్నాడు.

సైకిల్ పోయింది. తండ్రీ కొడుకూ రోము నగరమంతా వెతికారు. చివరికి తండ్రే ఇంకొకడి సైకిల్ ఎత్తుకుని పట్టుబడ్డాడు, కొడుకు చూస్తుండగా. జనం తిట్టి వదిలేశారు. పిల్లాడు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ గుంపులో కలిసిపోయారు. తెర మీద అక్షరాలు పడ్డాయి.

దొంగ దొరికాడా అని అడుగుతాడనుకున్నాను. సైకిల్ సంగతి అడుగుతాడనుకున్నాను. పెదనాన్న ఆ రెండూ అడగలేదు.

"మరి ఆ పిల్ల దుప్పట్లు విడిపించుకున్నదా?" అన్నాడు.